ఎంత పాడైన జుట్టునైనా

పొద్దున్నే స్నానానికి వెళ్లిన కోడలు, నీళ్లు పోయే జాలీ మీద నల్లగా ఏదో చుట్టుకుని ఉండటం చూసి మొదట బొద్దింక అనుకుంది. అరవబోయి, ఆగి, వంగి చూసింది. జుట్టు. ఒకటీ అరా వెంట్రుకలు కాదు, గుప్పెడు. ఆ ఇంట్లో అంత పొడుగు జుట్టు ఒక్కరికే ఉంది. బొద్దింకే అయినా బాగుండేదని అనిపించింది ఆమెకు.

ఆ ఇంట్లో ఉండేది నలుగురు. మామగారు గడియారాలు బాగుచేస్తారు. ముందుగదిలో కిటికీ పక్కన ఉన్న బల్లే ఆయన దుకాణం. కొడుకు లిఫ్టులు బాగుచేస్తాడు. కోడలు ఊరి చివర ఒక చిన్న కార్ఖానాలో జుట్టుకు రాసుకునే కండిషనర్లు తయారుచేస్తుంది. "ఒకాయన గడియారాలు బాగుచేస్తాడు, ఒకడు లిఫ్టులు బాగుచేస్తాడు, ఇదేమో జుట్టు బాగుచేస్తుందిట. ముగ్గుర్నీ బాగుచెయ్యలేక చస్తున్నది నేను," అంటుంది అత్తగారు, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ. ఆవిడ నోటికి అడ్డూ ఆపూ లేదు. కానీ ఆవిడ జడ చూస్తే ఎంత నోటినైనా క్షమించాలనిపిస్తుంది. నడుము దాటిన జడ, పిడికిట్లో పట్టనంత లావు. తెల్లబడటం మొదలైనప్పటి నుంచి నల్లరంగు వేసుకుంటోంది కానీ, దానిమీద గర్వం మాత్రం పెళ్లినాటిదే.

కోడలు ఆ జుట్టును కాగితంలో చుట్టి తన చేతిసంచి అడుగున కుక్కింది. చెత్తబుట్టలో వేస్తే ఎవరైనా చూస్తారని భయం. అత్తగారు కొన్ని వారాలుగా తలకు రాసుకుంటున్నది వేరే ఎవరి సరుకో కాదు. కోడలు తన చేతులతో కలిపిన కండిషనరే.

వంటింట్లో అత్తగారు తలకు గుడ్డ బిగించి కట్టుకుని కూర కలుపుతోంది.

"ఏంటలా చూస్తున్నావు? నా మొహమ్మీద ఏమన్నా రాసుందా?"

"ఏం లేదత్తయ్యా. తలకి గుడ్డ కట్టుకున్నారేంటా అని..."

"జలుబు చేసింది."

"మందేమైనా తెమ్మంటారా?"

"నీ మందులు చాల్లే తల్లీ. వెళ్లి వాడికి కంచం పెట్టు."

నీ మందులు చాల్లే అన్న మాట కోడలి గుండెలో గుచ్చుకుంది. ఆవిడకు తెలిసిపోయిందా? తెలిస్తే ఈపాటికి ఇల్లు పీకి పందిరెయ్యాలి కదా? తిట్టే మనిషి తిట్టకపోతే ఆ ఇంట్లో అంతకన్నా భయపడాల్సిన సంగతి ఇంకోటి లేదు.

కొడుకు రెండు ముద్దలు తిని, మూడో ముద్దలోంచి ఏదో లాగి పైకెత్తి చూపించాడు. "ఇదిగో, వెంట్రుక!"

అత్తా కోడలూ ఒకేసారి కంచం మీదకు వంగారు.

"పొట్టిగా ఉంది. అయితే నీదే," అన్నాడు భార్యకేసి చూసి నవ్వుతూ. కోడలి జుట్టు మెడ దాటదు. కానీ ఆమె చూసింది. అది తన వెంట్రుక కాదు. తనది సన్నం, ఇది ముతక. పొడుగాటిది ఎక్కడో మధ్యలో తెగి పడిన ముక్క.

"నాదే," అంది కోడలు.

అత్తగారు ఆమెకేసి ఒక్క క్షణం చూసి, చటుక్కున మొహం తిప్పేసుకుంది. "చిన్నప్పుడు గోడ సున్నం గీక్కుని తిన్నావు, వెంట్రుకకి చస్తావా? తీసేసి తిను," అని కొడుకుని కసిరింది. ఆ కసురులో రోజూ ఉండే పస లేదు.

బస్సులో కూర్చున్నాక కోడలికి కొన్ని వారాల కిందటి ఒక రాత్రి భోజనాల బల్ల గుర్తుకొచ్చింది. అత్తగారు ఇప్పుడు రాసుకుంటున్నది, తను సొంతంగా తయారుచేసిన మొదటి కండిషనర్. సీసాలకు కాగితాలు అంటించే బల్ల దగ్గర మొదలైన ఉద్యోగం, ఎన్నో ఏళ్లకు, కలిపే గదిదాకా వచ్చింది. ఆ సంతోషంలో ఇంట్లోవాళ్లకు అంతా విడమరిచి చెప్పింది.

"జుట్టంటే ప్రొటీనే మామయ్యా. ప్రొటీన్ అంటే అమైనో యాసిడ్లు గొలుసుకట్టుగా ఉండటం. వేడికీ, రంగులకీ, జుట్టు రంగు పోగొట్టే బ్లీచ్‌కీ ఆ గొలుసులు తెగి వెంట్రుక గుల్లబారుతుంది. మేం కలిపే అమైనో యాసిడ్లు చాలా చిన్నవి. లోపలికి దూరి, తేమ పోకుండా పట్టుకుంటాయి. వెంట్రుకకి మళ్లీ కాస్త బలం వస్తుంది."

"యాసిడ్ అంటే బాత్రూము కడిగేది కదమ్మా?" అన్నారు మామగారు కంగారుగా.

"అది కాదు మామయ్యా! ఇవి గుడ్డులో, పాలల్లో ఉండేవి."

"తినేదాన్ని తలకి రాయడమెందుకు, తినేస్తే పోలా?" అంది అత్తగారు.

అందరూ నవ్వారు. కోడలు కూడా నవ్వి, సీసా మీద వేయడానికి తను రాసిన మాట చదివి వినిపించింది. 'ఎంత పాడైన జుట్టునైనా తిరిగి బాగుచేస్తుంది.' మొదట 'బలాన్నిస్తుంది' అనే రాసింది. యజమానురాలు, అంటే మేడమ్, ఇంకాస్త గట్టిగా ఉండాలనడంతో, 'ఎంత పాడైన' అన్నది తనే చేర్చి ఇలా మార్చింది.

"ఎంత పాడైనానా?" అంది అత్తగారు.

"ఎంత పాడైనా అత్తయ్యా. కాకపోతే ఒకటే చిక్కు. పార్లర్ల వాళ్లందరినీ పిలిచి, బాగా పాడైన జుట్టు మీద రాసి చూపించాలిట. దుకాణంలో కొన్న జుట్టుకుచ్చులు కాదు, నిజం తల కావాలంటున్నారు మేడమ్. తల దొరక్కపోతే ఈ సరుకు ఈ ఒక్క విడతతో సరి, నువ్వు మళ్లీ కాగితాల బల్లకేనన్నారు."

"నీ ప్రయోగాలకి తలొగ్గడానికి ఊళ్లో ఎవరికీ పిచ్చి పట్టలేదు," అని అత్తగారు గిన్నెలు తీసుకుని లేచిపోయింది. మర్నాడు మాత్రం, "ఆ సీసా ఒకటి ఇటు పడెయ్, చూద్దాం," అంది. కోడలు పొంగిపోయి తెచ్చి ఇచ్చింది. ఇప్పుడు ఆ పొంగిపోవడం తలుచుకుంటే ఒళ్లు చల్లబడుతోంది.

కార్ఖానాలో అట్టపెట్టెలు గుమ్మందాకా పేర్చి ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే పార్లర్లకు వెళ్లాల్సిన సరుకు అది.

"తల దొరికిందా?" అన్నారు మేడమ్ ఎదురొస్తూనే.

"ఇంకా లేదు మేడమ్."

"త్వరగా చూడమ్మా. నా తల తినేస్తున్నారు వాళ్లు."

కోడలు కలిపే గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. డ్రమ్ములోంచి కాస్త తీసి, పులుపు ఎంతుందో తెలిపే పీహెచ్ పరీక్ష చేసింది. సరిగ్గానే ఉంది. తూకాలు మళ్లీ చూసింది. సరిగ్గానే ఉన్నాయి. తప్పు దొరికితే దిద్దుకోవచ్చు. దొరక్కపోయేసరికి ఆమెకు మరింత భయమేసింది. తనకు తెలియని తప్పేదో ఆ తెల్లటి ముద్దలో కూర్చుని ఉందనిపించింది. తన తలకు రాసుకున్నా ఏమీ కాలేదు. కానీ తన జుట్టు వేరు, ఆవిడ జుట్టు వేరు. ఎవరి జుట్టుకు ఏమవుతుందో ఎవరు చెప్పగలరు?

సంచిలో కాగితం పొట్లం ఉంది. అందులోంచి ఒక్క వెంట్రుక తీసి, నీళ్లలో ముంచి, రెండు వేళ్లతో లాగితే సగం సంగతి తెలిసిపోతుంది. ఆమె రోజూ చేసే పనే అది. ఆరోగ్యంగా ఉన్న వెంట్రుక కొంచెం సాగి మళ్లీ యథాస్థానానికి వస్తుంది. కండిషనర్‌లో అమైనో యాసిడ్ల పాళ్లు మించితే బిరుసెక్కి పుటుక్కుమంటుంది. ఆమె సంచి జిప్పు సగం తీసి, మళ్లీ మూసేసింది. పుటుక్కుమంటే? గుమ్మం దగ్గరున్న అన్ని పెట్టెల్లోనూ ఉన్నది అదే. ఎక్కడెక్కడి ఆడవాళ్లో అద్దాల ముందు నిలబడి, ఊడొచ్చిన జుట్టు చేతుల్లో పట్టుకుని చూసుకుంటున్నట్టు కళ్లముందు కనబడింది. మేడమ్‌కు చెప్పాలని తలుపుదాకా వెళ్లింది. గడియ మీద చెయ్యి వేసి, మళ్లీ వెనక్కి వచ్చేసింది.

మధ్యాహ్నం మామగారి దగ్గర్నుంచి ఫోన్.

"అమ్మా, మీ అత్త బాత్రూములో తలుపేసుకుంది. ఎంత పిలిచినా పలకట్లేదు. నీళ్ల చప్పుడు మాత్రం వస్తోంది. నాకు కాళ్లూ చేతులూ ఆడట్లేదమ్మా."

ఆమెకు పైప్రాణాలు పైనే పోయాయి. ఎలా బయటపడిందో, ఏ బస్సెక్కిందో ఆమెకు తెలియదు. దారిపొడుగునా ఒకటే ఆలోచన. ఆవిడకేమైనా అయితే, అది తన చేతులతో చేసిందే అవుతుంది.

ఆమె చేరేసరికి భర్త అప్పటికే వచ్చి, పనిముట్ల పెట్టె తెరిచి, తలుపు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఇరుక్కుపోయినవాళ్లను బయటికి తీయడం అతనికి రోజూ ఉండే పనే. కానీ ఇవాళ ఒకే మరను రెండుసార్లు బిగించే వైపే తిప్పాడు.

"అమ్మా, తలుపుకి దూరంగా జరుగు. మరలు విప్పేస్తున్నా."

"తలుపు జోలికొచ్చావో, కాళ్లు విరగ్గొడతా!" అని లోపల్నుంచి గొంతు వినిపించింది.

ఆ తిట్టుకు ముగ్గురూ గోడకు జారగిలబడి ఊపిరి పీల్చుకున్నారు. కాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. తలుపు తెరుచుకుంది.

అత్తగారి తల తడిసి ఉంది. ఒక పక్క జుట్టు భుజం మీద వేలాడుతోంది. రెండోపక్క చెవి దగ్గరికి తెగిపోయి, ఎలుకలు కొరికినట్టు ఎగుడుదిగుడుగా ఉంది. పోయిన జుట్టంతా ఆవిడ చేతిలో ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పట్టుకుని నిలబడింది.

మామగారు "అయ్యో" అన్నారు.

కొడుకు భార్య వైపు తిరిగాడు. "ఇది నీ సీసా పనేనా? చెప్పు! ప్రయోగాలు చేసుకోడానికి మా అమ్మే దొరికిందా నీకు?"

"ఒరేయ్, గట్టిగా అరవకు," అంది అత్తగారు.

"నువ్వుండమ్మా!"

"నాదే తప్పు," అంది కోడలు. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "పొద్దున జాలీలో జుట్టు చూశాను. చూసి దాచేశాను. అప్పుడే అడగాల్సింది. భయమేసి అడగలేదు." ఫోన్ తీసింది. "మేడమ్‌కి చెప్పేస్తాను. రేపు ఒక్క సీసా కూడా బయటికి వెళ్లకూడదు."

భర్త కోపం సగానికి దిగింది. "ఉద్యోగం పోతుంది కదా?"

"పోనీండి. ఇంకొకళ్ల తల ఇలా అయ్యేకంటే అదే నయం."

అత్తగారు గబుక్కున వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. చెయ్యి మంచుముక్కలా ఉంది. "చెయ్యకు. నీ సీసాలో ఏ తప్పూ లేదు."

"మీకెలా తెలుసత్తయ్యా?"

అత్తగారు ఆమె మణికట్టు వదిలేసి, తెగిన జుట్టును వెనక్కి దాచబోయింది.

కోడలు ఆవిడ చేతిలోని పాయ నుంచి ఒక్క వెంట్రుక తీసింది. తడిగానే ఉంది. రెండు వేళ్ల మధ్య పట్టుకుని, ఊపిరి బిగబట్టి, లాగింది. పుటుక్కుమనలేదు. సాగింది. ఇంకా సాగింది. నమిలిన జిగురులా సాగి, వెనక్కి రాకుండా, సన్నబడి, చప్పుడు లేకుండా విడిపోయింది. కోడలు ఇంకొకటి తీసి లాగింది. అదీ అంతే. జుట్టును అలా చెయ్యడం ఏ కండిషనర్ వల్లా కాదు.

"అత్తయ్యా, తలకి బ్లీచ్ పెట్టారా?"

అత్తగారు కుర్చీలో కూలబడింది. తల దించుకుని, చిన్నపిల్లలా చెప్పడం మొదలుపెట్టింది.

"మూల మీద పార్లర్లో పొడి కొన్నాను. నేనే కలిపి పెట్టుకున్నాను, లోపలి పాయలకి మాత్రమే. ఎండుగడ్డిలా అయింది. మీకెవరికీ కనబడకుండా పైన నల్లరంగు వేశాను. తరవాత నీ సీసా రాశాను. నిజంగానే మెత్తబడిందే అమ్మాయ్. చిక్కు పడటం మానేసింది."

"మరింకేం?"

"మరీ బాగుపడిపోయింది. ఇంక మీ మేడమ్‌కి చూపించడానికి పాడైన జుట్టు ఎక్కడుంది? అందుకని మళ్లీ పెట్టాను. ఈసారి అంతటికీ పెట్టి, పైన మళ్లీ నల్లరంగు వేశాను."

"ఎన్నిసార్లు పెట్టారు?"

"లెక్కెవరు పెట్టుకున్నారు? నీ సీసా బాగుచేసినప్పుడల్లా పెట్టాను."

గదిలో మామగారి గడియారాలు తలా ఒక చప్పుడు చేస్తున్నాయి. కోడలు నేల మీద కూర్చుండిపోయింది. "ఎందుకత్తయ్యా ఇదంతా?"

"నీకో తల కావాలన్నావు కదా! అడగడానికి నీకెవరున్నారు? మీవాళ్లు దూరాన ఉన్నారు. కాగితాల బల్లకి పంపేస్తారన్న రోజు నువ్వు అన్నం కెలికి వదిలేశావు. నేను చూడలేదనుకున్నావా?" ఆవిడ తెగిన జుట్టును వేలికి చుట్టుకుంటూ అంది. "ఎంత పాడైనా బాగవుతుందన్నావు. నేను రెట్టించి అడిగాను కూడా. ఎంత పాడైనా అన్నావు. ఇవాళ కడుగుతుంటే చేతిలోకి వచ్చేసింది. సీసా మొత్తం తల మీద వంపుకుని కూర్చున్నాను, అతుక్కుంటుందేమోనని. అతుక్కోలేదు. ఎంత భయమేసిందో తెలుసా? జుట్టు పోయిందని కాదు... సరే, అదీ ఉందిలే. నువ్వు చూశావంటే నీ సీసాదే తప్పనుకుని, ఇంక ఆ పనే మానేస్తావేమోనని."

కోడలు ఆవిడ మోకాళ్ల మీద తల పెట్టి భోరుమంది. ఇన్నేళ్లుగా ఈవిడ తన మాట దేన్నీ లెక్కచెయ్యదని బాధపడింది. ఈవిడ వేసే ఎత్తిపొడుపులకు భయపడి వంటింట్లోకి అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్లింది. సీసా మీద రాసిన మాటను రాసిన తనూ పూర్తిగా నమ్మలేదు, రాయించిన మేడమూ నమ్మలేదు. నమ్మింది ఈవిడ ఒక్కతే. ప్రాణంలా పెంచుకున్న జడను ఆ మాట మీద పెట్టింది.

"నలభై ఏళ్లుగా కాపురం చేస్తున్నా, నేను చెప్పిన టైము కూడా నమ్మదమ్మా ఈవిడ. గడియారం చూసుకుంటుంది," అన్నారు మామగారు కళ్లు తుడుచుకుంటూ. కొడుకు స్క్రూడ్రైవర్ పెట్టెలో పెట్టి, తల్లికి తువ్వాలు తెచ్చి ఇచ్చాడు. భార్య భుజం మీద చెయ్యి వేసి కాసేపు అక్కడే ఉండిపోయాడు.

కోడలు లేచి మొహం తుడుచుకుని ఫోన్ చేసింది. అత్తగారు వారించబోతే తల అడ్డంగా ఊపింది.

"మేడమ్, రేపు సరుకు పంపకండి."

"సరుకులో ఏమైనా తేడా వచ్చిందా?"

"సరుకులో లేదు. సీసా మీద నేను రాసిన మాటలో ఉంది. మనది పాడైన వెంట్రుకకి బలాన్నిస్తుంది, తెగకుండా కాస్త కాపాడుతుంది. పూర్తిగా చచ్చిపోయినదాన్ని బతికించలేదు. 'ఎంత పాడైన' అన్నది తీసేసి, కాగితాలు మళ్లీ అంటించాలి. నేనే కూర్చుని అంటిస్తాను."

"నీకు మతుండే మాట్లాడుతున్నావా? అందరూ అలాగే రాస్తారు. అక్షరాలా ఎవరు నమ్ముతారమ్మా?"

"మా అత్తగారు నమ్మారు మేడమ్. ఆవిడ జుట్టు పోయింది."

"పెట్టెలు ఆపిస్తాను. పొద్దున్నే రా, మాట్లాడాలి," అని మేడమ్ ఫోన్ పెట్టేశారు. ఆ మాట్లాడటం ఏమిటో కోడలికి తెలియదు. అయినా కత్తెర తీసుకుని అత్తగారి వెనక నిలబడింది.

రెండోపక్క మిగిలిన జుట్టు కూడా ఉంచడానికి లేదు. పట్టుకుంటేనే సాగుతోంది. చెవుల కిందికి సమంగా కత్తిరించాలి.

"కానీయ్," అంది అత్తగారు కళ్లు గట్టిగా మూసుకుని. మొదటి పాయ నేల మీద పడగానే ఆవిడ చెయ్యి వెనక్కి వచ్చి, కోడలి కొంగు అంచు దొరికించుకుని పిడికిట్లో బిగించింది. "జాగ్రత్తే. చెవి కోసేవు."

"మీరు కదలకండి అత్తయ్యా."

కత్తిరించడం అయ్యాక మామగారు అద్దం తెచ్చి ముందు పెట్టారు. ఆవిడ అద్దం వైపు చూడలేదు. చూడకుండానే, చాలా చిన్న గొంతుతో అడిగింది. "మళ్లీ పెరుగుతుందంటావా?"

పెరుగుతుంది అన్న మాట కోడలి నోటిదాకా వచ్చింది. ఓదార్చడానికి ఎవరైనా అనేసే మాటే అది. తను ఏది చెప్పినా ఈవిడ నమ్ముతుంది. అది తలుచుకునేసరికి పొద్దున్నుంచీ పడిన భయాలన్నిటికన్నా పెద్ద భయం వేసింది ఆమెకు. మామగారి బల్ల మీది భూతద్దం అడిగి తీసుకుని, ఆవిడ కుర్చీని కిటికీ వెలుతురులోకి తిప్పింది. పాయ పాయ విడదీస్తూ, మాడు మీద ఎక్కడైనా కాలిందేమో, కుదుళ్లు ఎలా ఉన్నాయో, నుదుటి దగ్గర్నుంచి మెడ దాకా నెమ్మదిగా చూసుకుంటూ వచ్చింది. ఆవిడ మెడ మీద నరం టకటకా కొట్టుకోవడం వేళ్లకు తెలుస్తోంది. చెవి వెనక ఒకచోట అనుమానం వచ్చి, ఆగి, మళ్లీ చూసింది.

"చెప్పవేమే?"

"ఒక్క నిమిషం అత్తయ్యా. చూడనివ్వండి."

చూడటం అంతా అయ్యాక ఎదుటికి వచ్చి, ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది.

"చెవి వెనక కొంచెం ఎర్రబడింది, రేపు డాక్టరుకి చూపిద్దాం. మిగతా అంతా బాగానే ఉంది. తెగింది వెంట్రుకలే, కుదుళ్లు కాదు. పెరుగుతుంది. ఆ జడ అంత కావడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. అసలు అంత అవుతుందో లేదో నేను చెప్పలేను."

అత్తగారు ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. చూస్తూ చూస్తూ ఉండగానే ఆవిడ కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

"సరే," అంది. "నువ్వు చెప్పావుగా."